ముందు నువ్వు

నేను పిరికివాణ్ణి. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తే నాకూ చదివేవాళ్లకూ పని తేలిక. సూది చూస్తే భయం, వేళకాని వేళ ఫోన్ మోగితే భయం, డాక్టరు కాగితం చూసి గొంతు సవరించుకుంటే ఇంకా భయం. ఆ భయాన్ని కోపంగా మార్చి ఇంట్లోవాళ్ల మీద విసరడం మాత్రం చిన్నప్పటినుంచీ బాగా వచ్చు. మా అప్ప మీద విసిరినంతగా ఇంకెవరి మీదా విసరలేదు. మా వైపు అక్కని అప్ప అంటాం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి తోటలు, జీడి తోటలు, మధ్యలో ఇసక దారులు. బయటినుంచి వచ్చినవాళ్లు ఎంత పచ్చగా ఉందో అని ఫోటోలు తీసుకుంటారు. మా ఊళ్లో ఇద్దరు ఎదురుపడితే పంటలూ పిల్లలూ అయిపోయాక అడిగే ప్రశ్న ఒకటే, "క్రియాటిన్ ఎంతొచ్చింది?" మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అది. అంకె తక్కువుంటే మంచిది. జబ్బు ఎందుకొస్తోందో ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్లంటారు, ఎండంటారు, పురుగుమందులంటారు. ఎవరి ఇంట్లో ఎవరికి వస్తుందో తెలియదు కాబట్టి అందరం ఒకరి పాదాలు ఒకరం చూసుకుంటూ ఉంటాం, వాచాయా లేదా అని.

అమ్మ ఆ జబ్బుతోనే పోయింది. పోయాక డాక్టరు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, తల్లికి వచ్చింది కాబట్టి మీరూ ఒకసారి చూపించుకోవాలి, తొందరగా తెలిస్తే జబ్బుని చాలాకాలం ఆపి ఉంచవచ్చు అని నెమ్మదిగా చెప్పాడు. ఆయన గొంతు సవరించుకోలేదు గానీ నాకు చెమటలు పట్టాయి. బయటికి రాగానే అప్ప అంది:

"ముందు నువ్వు సేయించుకోరా. నీ తరవాత నాను సేయించుకుంతాను."

"పెద్దదానివి నువ్వు గదా. ముందు నువ్వెల్లు," అన్నాను.

ఆ మాట అక్కడ మొదలై ఏడాది దాటినా ఆగలేదు. పండగకి కలిసినా అదే, ఫోన్‌లో అదే. వినేవాళ్లకి సరదాగా ఉండేది. నా మనసులో లెక్క మాత్రం సరదాది కాదు. నాది పాడైందని తేలితే అప్పది బాగుండాలి, ఒక మూత్రపిండం ఇవ్వాల్సొస్తే ఇవ్వడానికి నాకు ఆమె తప్ప ఎవరూ లేరు. ఆమెది పాడైతే నాది బాగుండాలి. ఇద్దరివీ పాడైతే? అక్కడికి వచ్చేసరికి నా ఆలోచన కాళ్లు చచ్చుబడిపోయేవి. ఆమెది బాగుందని ముందు తెలిస్తే ఆ ధైర్యంతో నాది చూపించుకుందామని నా ఎత్తు. ఆమె ఎత్తు కూడా అదేనని అనుకున్నాను.

శ్రీకాకుళంలో ఒక జెరాక్సు కొట్టు మీద రెండు గదుల్లో మా కంపెనీ. అయిదుగురం ప్రోగ్రాములు రాస్తాం. స్కూళ్లకి ఫీజుల ప్రోగ్రాము, రైసు మిల్లుకి తూకాల ప్రోగ్రాము, ఏది వస్తే అది. ఆ సంవత్సరం ఒక డయాలిసిస్ సెంటరు పని వచ్చింది. మా యజమాని, "ఉద్దానం మనిషివి, నీకైతే అన్నీ తెలుసు," అని నవ్వుతూ నాకు అప్పగించాడు. అన్నీ తెలుసు కాబట్టే ఆ పని నాకొద్దని చెప్పడానికి నోరు రాలేదు.

పని చిన్నదే. ఎవరికి ఏ రోజు, ఏ మంచం మీద మిషను పెట్టాలో చూసుకునే ప్రోగ్రాము. ఇందులో ముందు రకాలు నిర్ణయించుకోవాలి. రకం అంటే ఒక నమూనా; పేషెంటు అంటే ఏమేముంటాయి, పేరు, వయసు, రక్తం గ్రూపు, వచ్చే రోజులు. పక్కన ఇంకో రకం, తోడు. పేషెంటు వెంట వచ్చి, మిషను మీద ఉన్నంతసేపూ పక్కన కూర్చునే మనిషి. తోడు లేకుండా ఎవరినీ మంచం ఎక్కించరు. పేరు, ఫోను, ఏమవుతారు, అంతే అనుకుని రాసేశాను. ఆ సెంటరు నర్సమ్మకి ఫోన్ చేసి చదివి వినిపిస్తే ఆవిడ విసుక్కుంది.

"ఇక్కడ తోడొచ్చినోల్లు కూడా పేషెంట్లే బాబూ. ఆవిడికి ఈయన తోడు, ఈయనకి ఆవిడ తోడు. ఇద్దర్నీ ఒకే రోజు ఏసేత్తే మంచం దగ్గిర కూకునేదెవరు?"

పెద్ద పట్నాల వాళ్లకి రాసే ప్రోగ్రాములో ఈ సమస్య రాదు. అక్కడ రోగి వేరు, తోడు వేరు. మా దగ్గర ఒకే మనిషి సోమవారం తోడు, మంగళవారం రోగి. సరేనని పేషెంటు అనే రకంలో తోడుని పెట్టాను, తోడు అనే రకంలో పేషెంటుని పెట్టాను. పెట్టి, కంపైలరుకి ఇచ్చాను. మనం రాసినదాన్ని యంత్రానికి తెలిసే భాషలోకి మార్చేది కంపైలరు. అది పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది. పేషెంటు దగ్గర ఆగిపోయింది. ఇందులో తోడు అన్నావు, తోడంటే ఏమిటో నాకింతవరకు చెప్పలేదు అంది. తోడుని ముందుకు తెచ్చి పేషెంటుని కిందికి తోశాను. ఇప్పుడు తోడు దగ్గర ఆగింది, పేషెంటంటే ఏమిటో చెప్పలేదని. మళ్లీ మార్చాను. మళ్లీ అదే. పేషెంటు తెలియాలంటే తోడు తెలియాలి, తోడు తెలియాలంటే పేషెంటు తెలియాలి. ముందు నువ్వంటే ముందు నువ్వు.

పక్క సీటు కుర్రాళ్లు దీనికి నవ్వుకుంటారు. చదువుకునే రోజుల్లోనే చెప్పే పాఠం ఇది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఎర్ర అక్షరాల్లో అప్ప గొంతు వినిపించింది. తెర కట్టేసి కిందికి దిగి టీ తాగొచ్చాను.

దానికి మందు ఉంది. మొదట్లో ఒక్క వరస రాయాలి, తోడు అనే రకం ఒకటుంది, వివరాలు తర్వాత చెబుతాను, ప్రస్తుతానికి ఉందని నమ్ము అని. ఆ తర్వాత పేషెంటు లోపల తోడుని మొత్తం మనిషిగా పెట్టకూడదు. ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడో చిరునామా మాత్రం పెట్టాలి. ఇంకా కొలత తెలియని మనిషికి ఎంత చోటు వదలాలో కంపైలరుకి తెలియదు. చిరునామాకైతే ఎంత చోటు కావాలో తెలుసు. అలా రాశాను. ఒప్పుకుంది.

ఆ వారం సెంటరుకి వెళ్లి చూసి వచ్చాను. హాల్లో వరసగా మంచాలు, మంచానికో మిషను. నర్సమ్మ చెప్పిన జంట అక్కడే ఉన్నారు. మంచం మీద ముసలాయన, పక్కన స్టూలు మీద భార్య. నేనెవరో చెప్పగానే ఆయన హుషారుగా మాట్లాడాడు.

"నిన్న ఇది తొంగున్నాది, నాను కూకున్నాను. ఇయాల నాను తొంగున్నాను, ఇది కూకున్నాది. మాకు వొంతులు బాబూ."

"ఈయన నా సాటున టీలు తాగేస్తన్నాడు," అందావిడ నాతో. "నీల్లు తక్కువ తాగమన్నారా, ఇనడు. నువ్వైనా గట్టిగా కసురు."

ఆవిడ చేతికి కూడా సూది గుచ్చే చోట ఉబ్బిన నరం కనిపించింది. నిన్న తను పడుకున్న చోటుని ఇవాళ కాపలా కాస్తోంది. నవ్వాననే అనుకుంటాను. బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ మంచం మీద నేను, స్టూలు మీద అప్ప. మర్నాడు మంచం మీద అప్ప, స్టూలు మీద నేను. ఎంత వద్దనుకున్నా ఆ బొమ్మ కళ్లముందు నుంచి పోలేదు.

ఆదివారం ఊరెళ్లాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో పాసింజరు ఎక్కితే నౌపడ దగ్గర ఉప్పుమళ్లు కనిపిస్తాయి, పలాసలో దిగి బస్సు. అప్ప ఇల్లు మా ఇంటి వెనక వీధిలోనే. బావ కొబ్బరికాయల లారీ నడుపుతాడు, ఒరిస్సా వైపు వెళ్తే నాలుగైదు రోజులు రాడు. మధ్యాహ్నం అన్నం పెట్టింది. చేపల పులుసు చప్పగా ఉంది.

"ఉప్పెయ్యడం మర్సిపోయావేటి?"

"మీ బావకి బీపీ అన్నారు. అలవాటు సేసుకుంతన్నాం."

వడ్డించడానికి ఆమె వంగినప్పుడు పాదాలు చూశాను. మా ఊరివాళ్ల చూపు ముందు అక్కడికే పోతుంది. కాలి వేళ్లకి మట్టెలు లేవు. పెళ్లైన ఆడది మట్టెలు తీయడం మా ఇళ్లలో చిన్న విషయం కాదు. అమ్మ కూడా మొదట తీసింది మట్టెలే, వేళ్లు వాచి పట్టడం లేదని.

"మట్టెలేవీ?" అన్నాను.

"ఒకటి ఇరిగిపోనాది. కంసాలికిచ్చాను."

ఒకటి విరిగితే రెండో కాలివి ఏమయ్యాయని అడగాలి. అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. దానికి బదులు పులుసు మీద విరుచుకుపడ్డాను, చేపలో ముళ్లు తీయలేదని, అన్నం మెత్తబడిందని, ఇంత దూరం వస్తే ఈ తిండా అని. నా కోపం దేనికో అప్పకి ఎప్పుడూ తెలుసు. పళ్లెం తీసేసి అరుగు మీద కూర్చుంది.

"ఏటి రాస్తన్నావిప్పుడు ఆపీసులో?"

సిగ్గేసి చెప్పాను. పేషెంటు లోపల తోడు, తోడు లోపల పేషెంటు, ముందు ఏది రాసినా రెండోది తెలియదని కంప్యూటరు మొరాయించడం. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది.

"దీనికా నీకు జీతమిస్తన్నారు? మనిద్దరం రోజూ ఊరకనే సేస్తన్నాం గదా."

"నవ్వకు. అక్కడ మందుంది."

"ఏటా మందు?"

"రెండోదాని సంగతి తెలీకపోయినా ముందు ఒకదాన్ని ఒప్పేసుకోవాల. లేపోతే రెండూ అక్కడే ఉండిపోతాయి."

అప్ప నవ్వు ఆపింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "అయితే ఆ మందేదో నువ్వు తాగు," అంది. నేను లేచి వచ్చేశాను. ఆ రోజు బస్సులో అందరి పాదాలూ చూశాను.

ప్రోగ్రాము పెట్టే రోజు ఉదయం సెంటరులో మేనేజరు, నర్సమ్మ, నేను కంప్యూటరు ముందు కూర్చున్నాం. ఒక్కొక్కరి పేరు కొడుతుంటే వాళ్ల వివరాలూ తోడు వివరాలూ ఉన్న కార్డు తెర మీద వస్తోంది. మేనేజరు తల ఊపుతున్నాడు. తర్వాత నర్సమ్మ ఆ ముసలాయన పేరు కొట్టమంది. కొట్టాను. తెర నిలిచిపోయింది. మధ్యలో చిన్న చక్రం గిరగిరా తిరుగుతోంది. ఎంతకీ కార్డు రాలేదు.

ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. కంపైలరుని నమ్మించాను గానీ కార్డుకి ఎక్కడ ఆగాలో చెప్పలేదు. అది ఆయన వివరాలు రాసి, తోడు ఎవరని చిరునామా పట్టుకుని భార్య దగ్గరికి వెళ్లింది. ఆవిడా పేషెంటే కాబట్టి ఆవిడ వివరాలు రాసి, ఆవిడ తోడెవరని మళ్లీ ఆయన దగ్గరికి వచ్చింది. మళ్లీ ఆవిడ. మళ్లీ ఆయన. కంప్యూటరులో చోటు అయిపోయేదాకా వాళ్లిద్దరి మధ్యే తిరిగి, ప్రోగ్రాము మొత్తం కూలిపోయింది.

సరిగ్గా అప్పుడే హాల్లో ఒక మిషను కీ కీ మని అరవడం మొదలుపెట్టింది.

నా ప్రోగ్రాముకీ ఆ మిషన్లకీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు, వాటి మధ్య ఒక్క తీగ కూడా లేదు, నేనే పెట్టలేదు. అయినా నేనే ఎవరినో చంపేశాననుకున్నాను. కుర్చీ తన్నేసుకుంటూ హాల్లోకి పరిగెత్తాను. ముసలాయన మిషనే. ఎర్రలైటు వెలుగుతోంది. ఆయన భార్య స్టూలు మీదనుంచి లేచి నిలబడి ఆయన భుజం పట్టుకుంది. నర్సమ్మ నా వెనకే తాపీగా వచ్చి, ఆయన మోచేయి కింద నలిగిన గొట్టాన్ని సరిచేసింది. అరుపు ఆగింది.

"సెయ్యి మడవొద్దని ఎన్నిసార్లు సెప్పాల తాతా," అని, నా వైపు తిరిగి, "మీ కంపూటర్‌కీ దీనికీ సమ్మందం నేదు బాబూ. కూకో, కూకో. మంచినీల్లు తాగు," అంది.

నేను ఖాళీ మంచం మీద కూలబడ్డాను. ముసలావిడ తన సీసాలోంచి నాకు నీళ్లు పోసింది, రోజుకి ఇంతేనని ఆవిడకి కొలిచి ఇచ్చిన నీళ్లు. వద్దన్నా వినలేదు. అవి తాగుతూ ఆ మిషను వైపు చూస్తే ఒక సంగతి తెలిసొచ్చింది. తెలియకపోవడం నన్ను కాపాడటం లేదు. జబ్బు ఉన్నా లేకపోయినా ఏడాదిగా నేను ఈ మంచం మీదే ఉన్నాను.

ప్రోగ్రాము బాగుచేయడం పెద్ద పని కాలేదు. తోడు పేరూ ఫోనూ రాశాక అక్కడితో ఆగిపొమ్మని, ఆ మనిషి లోపలికి మళ్లీ వెళ్లొద్దని రాశాను. ఒక వైపునుంచి దారి కోసేస్తే చాలు. మధ్యాహ్నానికి ఆ జంట కార్డులు రెండూ వచ్చాయి. మేనేజరు చేయి కలిపాడు. నేను బయటికొచ్చి అప్పకి ఫోన్ చేశాను.

"రేపు టెక్కలి ఎల్తన్నాను. రక్తం ఇచ్చేస్తాను. నువ్వు సేయించుకున్నా సేయించుకోపోయినా నాను సేయించుకుంతన్నాను."

"నానూ వస్తాను," అంది.

ల్యాబులో బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. నా పేరు పిలిస్తే లేవలేకపోయాను, ఆమె మోచెయ్యి పట్టి లేపింది. సూది దిగుతుంటే గోడ మీద క్యాలెండరులో అంకెలు చదివాను. తర్వాత రిపోర్టు కోసం కూర్చోవడం. అదీ నరకం. లోపల ఎవరైనా కుర్చీ జరిపితే నా గురించే అనిపించేది. నాకు వస్తే ఏ రోజుల్లో సెంటరుకి వెళ్లాలి, ఏ మంచం ఖాళీగా ఉంది, అన్నీ నాకు తెలుసు. ఆ జాబితా నేనే కట్టాను. అప్ప నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమె అరచెయ్యి నాకన్నా ఎక్కువ చెమట పట్టింది. అది తన పరీక్ష గురించి భయమనుకున్నాను.

డాక్టరు కాగితం చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఒకటిలోపే ఉంది. మీకేం లేదు. ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండండి."

బయటికి ఎలా వచ్చానో గుర్తులేదు. రోడ్డు మీద పిచ్చివాడిలా నవ్వాను. అప్ప ఏడుస్తోంది, అంత బిగ్గరగా ఏడవడం అమ్మ పోయిన రోజున కూడా చూడలేదు. నేను ఆమె చెయ్యి పట్టి లాగాను.

"ఇప్పుడు నువ్వు. పద లోపలికి. నాది బాగున్నాది గదా, ఇంకేటి భయం? ఏదైనా నానున్నాను."

ఆమె కదల్లేదు.

"నాది అయిపోనాదిరా."

"ఎప్పుడు?"

"డాక్టరు సెప్పిన వారానికే. మీ బావ తీసుకెల్లాడు."

నా నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, అది తీయడం తెలియలేదు. ఎంత వచ్చిందని అడిగాను. చెప్పింది. మా ఊరివాణ్ణి కాబట్టి ఆ అంకెకి అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మిషను దాకా రానేదు," అంది తొందరగా. "మాత్రలిచ్చారు. ఉప్పు తగ్గించమన్నారు. నెలనెలా సూపించుకుంతన్నాను."

"మరి ఏడాదిబట్టీ ముందు నువ్వు, ముందు నువ్వని..."

"నాది పాడైనాదని సెప్తే నువ్వు జన్మలో ఈ మెట్లెక్కుదువేటి? నిన్ను నానెరగనా? భయానికి ఏ ఊరో పారిపోదువు. పట్టీ పట్టనట్టు తిరుగుదువు. నీకూ ఉండుంటే, తెలీకుండా అమ్మలాగే..." ఆమె మధ్యలో ఆపేసింది.

నా మూత్రపిండం ఒకటి ఇస్తాను, ఇవాళే డాక్టరుతో మాట్లాడదాం అన్నాను. నా గొంతు అరుపులా వచ్చింది, ముగ్గురు మనుషులు తిరిగి చూశారు.

"అడిగానేటి నిన్ను? దానికి తేలేదు నిన్నిక్కడికి. ఆకలేస్తన్నాది, టిఫిన్ తినిపించు."

బస్టాండు ఎదురుగా హోటల్లో కూర్చున్నాం. ఆమె చట్నీ పక్కకి జరిపి ఉత్త ఇడ్లీ తిన్నది. ఇంకో ప్లేటు చెప్పమంది. అదీ తిన్నది. ఇన్నాళ్లు రాత్రుళ్లు నిద్దర పట్టేది కాదని, ఇక పడుతుందని, బావకి ఫోన్ చేసి నాది బాగుందని చెప్పాలని, పెళ్లి సంబంధాలు చూడమనాలని ఒకటే మాట్లాడింది. నాకేమీ లేదని ఒక డాక్టరు గంట కిందటే చెప్పాడు. ఆమె ఎదురుగా కూర్చున్న నాకు ఒక్క ముక్క మింగుడు పడలేదు. జీవితంలో అంతగా ఎప్పుడూ భయపడలేదు.